గుంపును వీడిన గొంతుక

ఇద్దరు బిడ్డలున్న ఇంట ప్రతివారికిని ఒక్కొక పేరు పడుట మనమందరము ఎరిగినదే. బారసాలనాడు పెట్టిన పేరు గాదు. ఆ తరువాత ఇంటివారును, ఇరుగుపొరుగువారును, బడిలోని పంతులుగారును కలసి పెట్టెడి పేరు. ఒకడు సమర్థుడు, ఇంకొకడు అల్లరివాడు. ఒక పిల్ల పాటకు మంచిది, రెండవ పిల్ల పనికి మంచిది. ఈ రెండవ పేరు పెట్టుటకు ముహూర్తముగాని పురోహితుడుగాని అక్కరలేదు. అన్నము వడ్డించుచు అన్న మాట, చుట్టముల యెదుట నవ్వుచు అన్న మాట, అంతియే చాలును. బారసాల పేరునైనను కాగితములలో మార్చుకొనవచ్చును గాని, ఈ రెండవ పేరు మాత్రము పెరిగి పెద్దయి వేరింట కాపురమున్నను వెంటనంటియే యుండును.

ఈ సంగతిని గూర్చి మేము కొంతకాలముగా ఆలోచించుచున్నాము. ఆ ఆలోచనకు కారణమైనది మన దేశపు కథ గాదు. ఇంగ్లండు దేశపు పాటగాండ్ర కథ. మా మేనకోడలు చదువుకొనుచు వినెడి పాటలలో ఒక గొంతుక మాకు తరచుగా వినవచ్చుచుండెను. "ఇతడెవరమ్మా?" యని యడుగగా, "రాబీ విలియమ్స్ అత్తా! ఒకప్పుడు ఐదుగురి గుంపులో పాడెడివాడు, తరువాత ఒంటరిగా పాడి పేరు తెచ్చుకొన్నాడు" అని చెప్పినది. ఒంటరిగా అను నా మాట మమ్ము పట్టుకొన్నది. గుంపులోనివాడు ఒంటరి యెట్లయ్యెను, అయి యేమి చేసెను, మిగిలినవా రేమైరి యని ఆతని చరిత్రను వెదకి చదివితిమి. చదివినకొలది అది సంగీతపు కథ కన్న సంసారపు కథగానే మాకు తోచినది. కావుననే దానిని సోదరీమణుల కిచట చెప్ప సాహసించుచున్నాము.

ముందుగా ఆ గుంపు ఎట్టిదో తెలుపవలయును. పాశ్చాత్య దేశములలో 'బాయ్ బాండ్' అను నొక వాడుక గలదు. నలుగురైదుగురు యువకులను ఏర్చి కూర్చి, పాటయు ఆటయు నేర్పి, ఒక్క బృందముగా రంగమెక్కింతురు. వారు అన్నదమ్ములు గారు. పలుమారులు అంతకుముందు ఒకరి మొగము నొకరు చూచినవారును గారు. మేనేజరు అనువాడు వారిని ఎంచును; వారి దుస్తులు, నడత, మాటతీరు అన్నియు ఆతడే నిర్ణయించును. ఒకనికి గాత్రము, ఒకనికి నాట్యము, ఒకనికి చక్కని మోము, ఒకనికి హాస్యము, ఇట్లు పాత్రలు పంచబడును. వినువారిలో ఎక్కువమంది పదునైదు పదునారేండ్ల ఆడపిల్లలు. కీర్తి ఉమ్మడి, నింద ఉమ్మడి, ప్రయాణము ఉమ్మడి. మన ఉమ్మడి కుటుంబములను ఎరిగినవారికి ఈ యేర్పాటును వేరుగా వివరింప నక్కరలేదు.

ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున 1990 లో 'టేక్ దట్' అను బృందము ఇట్లే కూర్పబడెను. గారీ బార్లో, హోవర్డ్ డోనల్డ్, జేసన్ ఆరెంజ్, మార్క్ ఓవెన్, రాబీ విలియమ్స్ అను ఐదుగురు అందులోని వారు. వీరిలో గారీ అను నాతడు 1971 లో పుట్టినవాడు. చిన్ననాటనే క్లబ్బులలో వాద్యము వాయించుచు పాడెడివాడు. స్వయముగా పాటలు కట్టెడివాడు. మేనేజరు గారీని చూచియే, ఆతని చుట్టును ఈ బృందమును అల్లెను. రాబీ అందరికన్న చిన్నవాడు. 1974 ఫిబ్రవరి 13 వ తేదీన, పింగాణి పాత్రలకు పేరుపొందిన స్టోక్ ఆన్ ట్రెంట్ అను ఊర జన్మించెను. తండ్రి హాస్యప్రసంగములు చేయుచు, పాటలు పాడుచు క్లబ్బులవెంట తిరిగెడివాడు. బిడ్డ పసితనముననే తలిదండ్రులు విడిపోగా, రాబీ తల్లియొద్ద పెరిగెను. బడిలో చదువు అంతంతమాత్రము. 16 ఏండ్లకే బృందములో చేరెను.

చేరిననాడే ఇద్దరికిని పేర్లు పడినవి. గారీ సమర్థుడు, పాటలు వ్రాయువాడును ఆతడే, ముందు నిలిచి పాడువాడును ఆతడే. రాబీ అల్లరివాడు, ప్రేక్షకులను నవ్వించును, గంతులు వేయును, విలేఖరులకు కొంటె సమాధానము లిచ్చును. రాబీకి గాత్రము లేకపోలేదు. 1992 లో వెలువడిన 'కుడ్ ఇట్ బి మాజిక్' అను పాటలో ప్రధానగాత్రము ఆతనిదే. ఆ పాటకు బహుమానము కూడ వచ్చెను. అయినను పేరు మారలేదు. ఇంటి చిన్నకోడలు ఒకనాడు విందుభోజనమంతయు ఒంటిచేత వండినను, మరునాడు వంటయింటి పెత్తనము పెద్దకోడలిదే యగుట మనము చూచుట లేదా?

1993 నుండి 1996 వరకు టేక్ దట్ పాటలు ఎనిమిది బ్రిటనులోని అమ్మకముల పట్టికలో మొదటి స్థానమున నిలిచినవి. వీరు దిగిన హోటలు ముందు ఆడపిల్లలు రేయింబవళ్లు కాచియుండెడివారు. అంతటి వైభవములో లోలోపల నేమి జరుగుచుండెనో బయటివారికి తెలియదు. బయట షికార్లు తిరుగుటకు, స్నేహితులను కలియుటకు నిబంధనలు. చేయవలసిన పని కొండంత. చెప్పుకొనుటకు చోటు లేదు. పాటలు కట్టుటలో తన మాటకు విలువ లేదను బాధ రాబీ మనస్సులో పెరిగెను. మద్యమును, మత్తుపదార్థములను మరగెను. 1995 జూనులో గ్లాస్టన్‌బరీ అను చోట జరిగిన సంగీతోత్సవమునకు బృందమును విడిచి పోయి, అచట వేరొక బృందమువారితో కలసి తిరుగుచు పత్రికలకెక్కెను. మరుసటి నెలలోనే బృందమునుండి బయటపడెను. నాటి కాతనికి 21 ఏండ్లు.

మిగిలిన నలుగురును ఎంతోకాలము సాగలేదు. 1996 ఫిబ్రవరి 13 వ తేదీన బృందము ముగిసినదని ప్రకటించిరి. అది రాబీ పుట్టినరోజు కూడ నగుట విచిత్రము. ఆ వార్త విని దుఃఖించు బాలికలను ఓదార్చుటకై బ్రిటనులో ప్రత్యేకముగా టెలిఫోను సహాయకేంద్రములు తెరువవలసివచ్చెను. దీనిని చదివి నవ్వువారు గలరు. మాకు మాత్రము నవ్వు రాలేదు. పదునాలుగేండ్ల పిల్ల తన గదిలో గోడమీది బొమ్మను చూచి యేడ్చినచో, ఆ యేడ్పు బొమ్మకొరకు మాత్రమే కాదు. తనకు తెలిసిన మొట్టమొదటి ఉమ్మడి యిల్లు చీలినందుకు. ఆ పిల్లను వెక్కిరించు తల్లికన్న, పక్కన కూర్చుండి "నీకు వారిలో ఎవరి పాట ఇష్టమమ్మా?" యని యడుగు తల్లి మేలు.

ఇక లోకము తీర్పు చెప్పుటకు పూనుకొన్నది. గారీ ఒంటరిగా గొప్పవాడగును, రాబీ అడ్రసు లేకుండ పోవును, ఇదియే నాటి పత్రికలవారి మాట. మొదట అట్లే జరిగినట్లు కనబడెను. 1996 లో గారీ ఒంటరిగా పాడిన తొలిపాట మొదటి స్థానము నందుకొన్నది. 1997 లో ఆతని ఆల్బమును అట్లే యయ్యెను. రాబీ సంగతి వేరు. పాత ఒప్పందముల చిక్కులు తీరుటకే కాలము పట్టెను. 1996 లో వెలువడిన ఆతని తొలిపాట సొంతము గాదు. జార్జి మైకేల్ పాటను తిరిగి పాడినది. ఆ పాట పేరు 'ఫ్రీడమ్', అనగా స్వేచ్ఛ. జార్జి మైకేల్ కూడ ఒక జంటబృందమునుండి 1986 లో వేరుపడినవాడే యగుట గమనింపదగినది. పాట రెండవ స్థానమువరకు పోయెను గాని, రాబీ త్రాగుడు మానలేదు, లావెక్కెను, పత్రికలు పరిహసించెను. 1997 సెప్టెంబరులో ఆతని మొదటి ఆల్బము వెలువడి, కొలది వారములలోనే మరుగున పడునట్లు తోచెను.

అప్పుడు వచ్చినది 'ఏంజెల్స్' అను పాట. దేవదూతలని దాని యర్థము. 1997 డిసెంబరులో వెలువడెను. అమ్మకముల పట్టికలో అది నాలుగవ స్థానమును దాటలేదు. కాని పట్టికలోనుండి దిగిపోవలసిన వేళకు దిగక, వారములు వారములుగా అచటనే నిలిచెను. బ్రిటనులోనే పదిలక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయెను. ఆ దేశమున పెండ్లిండ్లలోను, అంత్యక్రియలలోను దానిని వినిపించుట వాడుక యయ్యెను. ఆ పాట వెనుకకు లాగికొని వచ్చుటచేత, మరుగున పడబోయిన ఆల్బము 1998 లో మొదటి స్థానమున కెక్కెను. ఒక్కమాటు పొంగి చల్లారు పాలవలె గాక, కుంపటిమీద మెల్లగా కాగి మీగడ కట్టిన పాలవలె ఆ కీర్తి వచ్చినది.

ఇచట ఒంటరి యను మాటను మరల తలచుకొందము. గాయకుని పేరు ఒక్కటే, నిజమే. కాని ఆ ఆల్బములోని పాటలను రాబీతో కూర్చుండి కట్టినవాడు గై చేంబర్స్ అను సంగీతకారుడు. రాబీ తోచిన మాటలను, కూనిరాగములను చెప్పుచుండగా, ఆతడు వానికి స్వరము కట్టి, వాద్యములు కూర్చి, రూపమునిచ్చెను. 2002 వరకు వీరి జోడు సాగి, నడుమ విడిపోయి, తరువాతి కాలమున మరల కలిసెను. బృందములో రాబీకి దొరకనిది ఇదియే: నీ నోట వచ్చిన మాటకు విలువ గలదని నమ్మి, కాగితము కలము తీసికొని కూర్చుండు మనిషి. వేరు కాపురము పెట్టినవారు తాము ఒంటరిగా నెగ్గితిమని చెప్పుకొందురు. ఉప్పు చేబదులిచ్చిన పొరుగింటామెను, జ్వరము వచ్చిన నాడు గంజి కాచి తెచ్చిన ఆమెను తలచిన గదా నిజము తెలియును!

ఆ తొలి ఆల్బము చివర, పాటలన్నియు ముగిసి కొంత నిశ్శబ్దమైన పిమ్మట, పట్టికలో పేరు లేని యొక పద్యము రాబీ గొంతుకతో వినవచ్చును. అది తన బడిలోని యొక ఉపాధ్యాయు నుద్దేశించి చెప్పినది. నీవు పనికిరావన్న వారికి ఇచ్చిన జవాబు. అంతటి గెలుపు అంచున నిలిచియు, పిల్లనాడు తన్ను చిన్నబుచ్చిన మాటను ఆతడు మరువలేదు. సోదరీమణులారా! ఇది చదివిన నాడు మేము చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిమి. అన్నవాడు బహుశః ఆ సాయంకాలమునకే మరచియుండును. పడినవాడు మాత్రము దానిని ఎంతదూరమో మోసికొనిపోయి, తన మొదటి సంపాదన మూటలోనే కట్టిపెట్టుకొనెను.

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అని మన పెద్దలందురు. 1998 తరువాత రాబీ ఓడ యయ్యెను. గారీ బండి యయ్యెను. 1999 లో వెలువడిన గారీ రెండవ ఆల్బము 35 వ స్థానమును మించలేదు. రికార్డు కంపెనీ ఆతనితో తెగతెంపులు చేసికొన్నది. 30 ఏండ్లయినను నిండకముందే, సమర్థుడను పేరుగలవాడు ఇంట కూర్చుండవలసివచ్చెను. ఆ దినములలో తిండియే తోడుగా మిక్కిలి లావెక్కితినని, నలుగురిలోనికి వచ్చుటకే సిగ్గుపడితినని గారీ తరువాత తానే వ్రాసికొన్నాడు. గెలిచిన రాబీ యూరకుండలేదు. సభలలోను, పత్రికలలోను పాత మిత్రుని ఎకసెక్కెము లాడుచు వచ్చెను. లోకము నవ్వెను. అల్లరివాడని పేరుపడినవాడు నవ్వింపక యెట్లుండును?

సమర్థుడను పేరు వరమని, అల్లరివాడను పేరు శాపమని మనమనుకొందుము. గారీ కథ చూచినచో రెండును బరువులే యని తెలియుచున్నది. అల్లరివాడు పడినచో లోకమునకు వింత లేదు. లేచి దులుపుకొని పోవచ్చును. సమర్థుడు పడుటకు అనుమతి లేదు. ఎన్నడును పరీక్ష తప్పని పెద్దకొడుకు ఒక్కసారి తప్పిన నాడు ఆ యింట నేమి జరుగునో మనకు తెలియనిది గాదు. ఆతడు గది తలుపు మూసికొనును. తల్లి అన్నపు కంచముతో గుమ్మమునొద్ద నిలుచును. ఎవ్వరికిని ఏమనవలయునో తెలియదు, ఏలయన ఆ పిల్లవానితో ఓటమిని గూర్చి మాటాడుట ఆ యింట ఎవ్వరికిని అలవాటు లేదు.

రాబీ మాత్రము సుఖముగా నుండెనా? 2002 లో ఆతనికిని ఒక పెద్ద రికార్డు కంపెనీకిని కుదిరిన ఒప్పందము విలువ ఎనిమిది కోట్ల పౌన్లని పత్రికలు వ్రాసినవి. 2003 ఆగస్టులో నెబ్‌వర్త్ అను చోట మూడు రాత్రులు పాడగా 3,75,000 మంది వచ్చి వినిరి. 2005 నవంబరులో, మరుసటి యేటి సంచారమునకు ఒక్క దినములోనే 16 లక్షల టిక్కెట్లు అమ్ముడుపోయి ప్రపంచ రికార్డయ్యెను. ఇంతమంది ప్రేమింపగా ఇక కావలసిన దేమి యని యడుగుదురు. కాని మనస్సు క్రుంగుటను గూర్చి, రంగమెక్కునప్పుడు పట్టెడి భయమును గూర్చి ఆతడే పలుమారులు చెప్పియున్నాడు. 2007 ఫిబ్రవరి 13 న, అనగా తన 33 వ పుట్టినరోజున, వైద్యులు వ్రాసియిచ్చెడి మందులకు బానిస యగుటచే, అమెరికాలోని యొక చికిత్సాలయములో చేరెను. పుట్టినరోజున తలంటి పోసి, పాయసము పెట్టవలసిన బిడ్డ ఆస్పత్రి వాకిట నిలుచుట ఏ తల్లికైనను ఎట్లుండును! లక్షలమంది చప్పట్లు కొట్టినను, రాత్రి తలుపు వేసికొన్న పిమ్మట పాత పేరే గదిలో కూర్చుండి యుండెను గాబోలు.

ఈ లోపల రెండవవైపున మేము అన్నిటికన్న విలువైనదిగా నెంచు మార్పు జరిగెను. 2005 చివర టెలివిజనులో ఆ పాత బృందపు చరిత్ర ప్రసారమయ్యెను. ప్రజలు చూపిన ఆదరమునకు తామే ఆశ్చర్యపడి, రాబీ తప్ప నలుగురును 2006 లో మరల కలిసి పాడిరి. ఆ యేటి నవంబరులో 'బ్యూటిఫుల్ వరల్డ్' అను ఆల్బమును వెలువరించిరి. పూర్వము పాటలలో ఎక్కువ భాగము గారీ ఒక్కని పేరుతో వెలసెడివి. ఇప్పుడు కర్తలుగా నలుగురి పేర్లును వేసికొనిరి. నలుగురును తలా యొక పాటనైనను ముందు నిలిచి పాడిరి. అందులో మార్క్ ఓవెన్ ముందు నిలిచి పాడిన 'షైన్' అను పాట 2007 లో మొదటి స్థానము నందెను. పూర్వము చక్కని మోముగలవాడనియే పేరుపడిన మార్క్ గొంతుక లోకమునకు ఇంతగా నచ్చునని ఎవరనుకొనిరి?

మా వీధిలో కార్తీకమాసమున ఆడవారము కూడి భజన చేయుట కలదు. ఎప్పుడును ఒక పెద్దావిడ పాట ఎత్తుకొనుట, తక్కినవారము అందుకొనుట మా యలవాటు. ఒక యేడు ఆమె కాలు బెణికి రాలేకపోగా, తాళము వేయుటకు తప్ప పనికిరాదని అందరు ననుకొన్న యొక కోడలు మెల్లగా పాట ఎత్తుకొన్నది. ఆమె గొంతుక పెద్దది గాదు, కాని నిలిచినది. మరుసటి యేడు పెద్దావిడ వచ్చియు, "ఈ పూట నీవే ఎత్తుకొనుమమ్మా" యని తాళములను తాను పుచ్చుకొన్నది. ఆ కోడలు పాడుట కన్న, ఆ పెద్దావిడ తాళము పుచ్చుకొనుటయే గొప్ప సంగతియని మాకు నేటికిని తోచుచుండును. గారీ చేసిన పనియు నట్టిదే. ఒంటరిగా నోడి, ఇంట కూర్చుండి, చోటిచ్చుట నేర్చుకొని వచ్చినవాడు చేయగల పని యది.

చోటున్న యింటికి ఎడబాసినవాడును తిరిగి రాగలడు. గారీయు రాబీయు ఎదురెదురుగా కూర్చుండి, ఏండ్ల తరబడి మనస్సులో దాచుకొన్న మాటలను ఒకరి కొకరు చెప్పుకొనిరి. 2010 లో ఇద్దరును కలసి వ్రాసి, కలసి పాడిన పాటకు 'షేమ్' అని పేరు. తమ నడుమ జరిగిన ఎడబాటే దాని విషయము. ఆ యేటనే ఐదుగురును కూడి 'ప్రోగ్రెస్' అను ఆల్బమును చేసి, 2011 లో ఊరూర పాడిరి. ఆ పిమ్మట రాబీ మరల తన త్రోవను తాను పోయెను. కలిసిరి గదా యని ఒకే పొయ్యిమీద వండుకొనలేదు. వేరు కాపురములుండి, పండుగకు పబ్బమునకు ఒకరింటికి ఒకరు వచ్చి పోవు అన్నదమ్ములవలె నుండిరి. ఉమ్మడి చీలుట ఎప్పుడును విషాదము గాదు. మాట చీలుటయే విషాదము. 2014 లో జేసన్ ఆరెంజ్ పాట చాలించి, బృందమును విడిచి, నిశ్శబ్దముగా బ్రతుకుటకు పోయెను. దానిని ఓటమిగా నెంచువారు గలరు, మేము ఎంచము. గుంపును వీడిన ప్రతి గొంతుకయు పాడియే తీరవలయునను నియమమేమియు లేదు.

రాబీ 2010 లో వివాహమాడెను. నలుగురు బిడ్డలకు తండ్రి. 2024 లో ఆతని జీవితమును గూర్చి 'బెటర్ మాన్' అను చలనచిత్రము వెలువడినది. అందులో రాబీని మనిషిగా గాక, ఒక చింపాంజీగా చూపిరి, చుట్టునున్నవారందరును మనుష్యులే. తన్ను తాను జనులయెదుట ఆడెడి కోతిగా తలచుకొంటినని రాబీ చెప్పగా, దర్శకునికి ఆ యూహ కలిగినదట. 50 ఏండ్లు వచ్చిన మనిషి, కోట్లమంది మెచ్చినవాడు, తన బాల్యమును కోతి రూపమున చూచుకొనెను! అల్లరివాడు, నవ్వించువాడు, అని మురిపెముగా పెట్టిన పేరు లోపలికి పోయి యేమగునో ఇంతకన్న స్పష్టముగ చూపుట కష్టము.

ఇది గడచిన తరము కథయని త్రోసివేయుటకు వీలులేదు. 2010 లో ఒక టెలివిజను పోటీనుండి 'వన్ డైరెక్షన్' అను మరియొక ఐదుగురి బృందము పుట్టెను. ఆ పోటీ చివర రాబీ విలియమ్స్ వచ్చి ఆ పిల్లలతో కలసి పాడెను. వారిలో నొకడైన లియామ్ పేన్ 14 ఏండ్ల ప్రాయముననే ఆ పోటీలో మొదటిసారి నిలిచినవాడు. బృందము 2016 లో ఆగిన పిమ్మట తక్కినవారివలె ఒంటరిగా పాడుచు వచ్చెను. 2024 అక్టోబరు 16 వ తేదీన, అర్జెంటీనా దేశపు బ్వేనస్ ఎయిరిస్ నగరమున హోటలు మేడమీదినుండి పడి 31 ఏండ్లకే మరణించెను. ఆ వార్త వచ్చిన నాడు మా మేనకోడలు అన్నము ముట్టలేదు. ఆతని పాట ఎన్నడును విననివారము గూడ, తల్లి యొకతె కొడుకును పోగొట్టుకొన్నదని తలచి దుఃఖించితిమి. నాడు రాబీ బహిరంగముగా వ్రాసిన మాటల సారము ఒక్కటే: ఇతరులయెడ దయ గలిగియుండుడు, వారు లోపల దేనితో పోరాడుచున్నారో మనకు తెలియదు.

మన పిల్లలలో రంగమెక్కి లక్షలమందికి పాడువారు ఎందరుందురు? కొలదిమందియే. కాని గుంపును వీడి పోవువారు ప్రతి యింటను గలరు. హాస్టలునకు పోవు పిల్ల, ఉద్యోగమునకై దూరదేశము పోవు పిల్లవాడు, అత్తవారింటికి పోవు కూతురు, వీరందరును నిన్నటిదాక ఉమ్మడి పాటలో గొంతుక కలిపి, నేడు తొలిసారి తామే ఎత్తుకొనవలసినవారు. వారి పెట్టెలో మనము పచ్చళ్లు పెట్టుదుము, పొడులు పెట్టుదుము, దుప్పటి పెట్టుదుము. వానితోపాటు తెలియకుండ మనము పెట్టిన పేరు కూడ ఆ పెట్టెలో పోవును. అటువంటివారు ఫోనులో పలుకరించినప్పుడు ఎంత సంపాదించితివని, ఎన్నవ స్థానమున నిలిచితివని అడుగుటకు లోకమంతయు గలదు. తల్లి యడుగవలసిన ప్రశ్న వేరు. నీ మాట కూర్చుండి వినువారు అచట ఎవరైన గలరా, అనునది ఆ ప్రశ్న. రాబీకి అట్టివాడు దొరికిన నాడు పాట పుట్టినది. గారీ తానే అట్టివాడైన నాడు ఇల్లు నిలిచినది.

ఇంటిలోని బిడ్డలకు పేర్లు పెట్టక మానుట కష్టమని మేమెరుగుదుము. ముద్దు వచ్చినను, కోపము వచ్చినను నోట ఏదో యొక మాట వచ్చును. వచ్చినచో దానిని మేకు కొట్టి గోడకు తగిలింపకుండిన చాలును. సమర్థుడని పిలిచినవానికి ఓడుటకును, అల్లరివాడని పిలిచినవానికి గంభీరుడగుటకును, పాట రాదనుకొన్న పిల్లకు ఒక సాయంకాలము పాట ఎత్తుకొనుటకును చోటుండవలయును. ఆ చోటును ముందుగా ఇంటనే ఇచ్చినచో, దానిని వెదకుచు వారు 16 వ యేట బయలుదేరి సగము జీవితము తిరుగవలసిన పని యుండదు.